ఏనుగు మీద కన్నేసిన పాము

హాంకాంగ్ కూరగాయల మార్కెట్లో సరుకు కొన్నవారికి దుకాణదారు రెండు ఉల్లికాడలు ఊరికే వేస్తాడు, తెలుగు ఊళ్లలో కరివేపాకు కొసరు వేసినట్లే. కాడలు సంచిలో పడగానే అల్లం ముక్క కూడా అడిగే మనిషి మీద విసరడానికి కాంటనీస్‌లో ఒక సామెత సిద్ధంగా ఉంది: 'యన్ సమ్ పత్ చుక్, సె థన్ చ్యోంగ్'. మనిషి మనసుకు చాలదు, పాము ఏనుగును మింగుతుంది అని.

అది నవ్వుతూ అన్నంతవరకే. నవ్వు లేకపోతే తిట్టే. ఆర్నెల్లకోసారి అద్దె పెంచే ఇంటి యజమానినో, తన వాటా తీసుకుని మొత్తం దుకాణమే రాసిమ్మనే తమ్ముడినో అనాలంటే వాళ్లు లేనప్పుడే అనాలి.

చైనీయులందరికీ తెలిసిన సామెతే ఇది. రెండు వేల ఏళ్లు దాటిన 'షాన్ హై జింగ్' గ్రంథంలోనే ఏనుగును మింగి, మూడేళ్లకు ఎముకలు వదిలే పాము ఉంది. చిత్రమేమిటంటే, ఆ గ్రంథం పామును తప్పు పట్టదు. ఆ ఎముకలు కడుపు జబ్బులకు మందని చెబుతుంది! వ్యాపార వార్తలు రాసేవారూ తప్పు పట్టరు. సామెతలోని చివరి మూడు మాటలే తీసుకుని, చిన్న కంపెనీ పెద్ద కంపెనీని కొన్నప్పుడల్లా వాడతారు. 2000లో రిచర్డ్ లీ కొత్త ఇంటర్నెట్ కంపెనీ భారీ అప్పుతో హాంకాంగ్ టెలిఫోన్ సంస్థను సొంతం చేసుకున్నప్పుడూ, 2004లో లెనోవో ఐబీఎం కంప్యూటర్ల విభాగాన్ని కొన్నప్పుడూ ఈ పామే పతాక శీర్షికలకెక్కింది. తిట్టు కాస్తా మెచ్చుకోలుకు దగ్గరైంది.

'దురాశ దుఃఖానికి చేటు' అన్నది దీనికి సరిగ్గా సరిపోదు. అది ఫలితం చెబుతుంది, పాము సామెత చెప్పదు. ఫలితం చెప్పడానికి అచ్చమైన కాంటనీస్ మాట వేరే ఉంది: 'థామ్ జీ తక్ కో ఫన్'. ఆశ అని రాయబోతే పేదరికమే మిగులుతుందని భావం. 'థామ్' అంటే అత్యాశ, 'ఫన్' అంటే పేదరికం. రెండు అక్షరాలూ చూడటానికి అక్కాచెల్లెళ్లు. రెండింటి కిందా ఉన్నది గవ్వ గుర్తే, ఒకప్పటి డబ్బు. చిల్లిగవ్వ లేదనే తెలుగువారికి ఇది వివరించనక్కర్లేదు.

నష్టపోయినవారి మీద ఈ రెండో మాట సులువుగా వచ్చి పడుతుంది. 2008లో లేమన్ బ్రదర్స్ కుప్పకూలినప్పుడు హాంకాంగ్‌లో 'మినీబాండ్లు' కొన్న వేలమంది మునిగారు. డిపాజిట్ వడ్డీ మీద కాస్త కొసరు ఆశించిన వృద్ధులు వారిలో ఎందరో. వారినీ ఆ పాము పక్కన నిలబెట్టడం అన్యాయం. 2009 జులైలో, అమ్మిన 16 బ్యాంకులు అసలులో 60 శాతం, 65 ఏళ్లు నిండినవారికైతే 70 శాతం వెనక్కివ్వడానికి ఒప్పుకున్నాయి.