సీటు మీద సిరి

ఆడవాళ్ళకి నగల పిచ్చి అని మగవాళ్ళు వేళాకోళం చేస్తారు గానీ, నగని ఎక్కడ దాచాలో మనకి ఒకరు నేర్పక్కరలేదు. బియ్యం డబ్బాలో, పోపుల పెట్టెలో, పాత చీర మడతల్లో... మన బామ్మలు దాచిన చోటు దొంగకే కాదు, ఒక్కోసారి బామ్మలకే దొరికేది కాదు! మరి మగవాళ్ళో? వేలు పోసి కొన్న లాప్‌టాప్‌ని కారు వెనక సీట్లో, పెళ్ళికూతుర్ని పీటలమీద కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, చక్కా పోతారు.

"తాళం వేశానుగా!" అంటారు మావారు.

తాళం తలుపుకే గాని అద్దానిక్కాదు కదండీ! ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. చాలా కార్లలో పక్క అద్దాలకి ఆ పొర ఉండదు. మొనదేలిన దానితో మూల మీద ఒక్క దెబ్బ వేస్తే పటికబెల్లం పలుకుల్లా జలజల రాలిపోతాయి.

మా పిన్ని కూతురి విషయంలో జరిగింది అదే. కల్యాణమండపం బయట రోడ్డు మీద కారు ఆపి, అక్షింతలు వేసి వచ్చేసరికి సీటునిండా గాజు పలుకులు. సంచీ లేదు. స్టేషన్లో "విలువ ఎంతమ్మా?" అని అడిగారట. యంత్రం ఖరీదు చెప్పింది. అందులో పిన్ని గొంతుంది. పోయే ముందు ఆవకాయ కొలతలు చెబుతూ, మధ్యమధ్య మమ్మల్నందర్నీ తిడుతూ మాట్లాడిన గంట మాటలు. ఇంకో కాపీ లేదు. "దానికి ఎంతని రాయించనే అక్కా?" అని నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది.

మామూలు కారు ఇన్సూరెన్సులో లోపలి సామాను రాదు. విడిగా ప్రీమియం కట్టి చేర్చుకోవాలి. కట్టినా, అమ్మ గొంతుకి క్లెయిము ఎవరిస్తారు?

అప్పట్నించీ మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. విలువైనది మన వెంటే దిగాలి. తప్పనిసరైతే డిక్కీలో పెట్టాలి, అదీ ఇంటి దగ్గర బయల్దేరే ముందే. పార్కింగులో నలుగురూ చూస్తుండగా డిక్కీ తెరిచి దాచడం, దొంగకి దారి చూపడమే. వేలాడే చార్జరు వైరు కూడా తీసెయ్యాలి. పూలబుట్ట కనిపిస్తే పూల కోసం వెతకరూ? రోహిణీ కార్తెలో అయితే డిక్కీ కూడా పనికిరాదు, ఆ వేడికి బ్యాటరీ పాడవుతుంది. "మీ డబ్బులు కింద పడ్డాయి" అని ఎవరైనా అద్దం తడితే, సామాను వదిలి దిగకూడదు.

ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే 15 అంకెల నంబరు వస్తుంది. పాల లెక్క పుస్తకంలో రాసుకోండి. ఫోను పోతే, పోలీసు ఫిర్యాదు చేసి, 2023లో వచ్చిన సంచార్ సాథీలో ఆ నంబరిచ్చి దాన్ని పనిచెయ్యకుండా ఆపించవచ్చు. లాప్‌టాప్ అడుగునుండే నంబరూ దాని పక్కనే రాయండి. అన్నిటికన్నా ముందు, పోతే మళ్ళీ రానివి ఏవున్నాయో చూసి, ఇవాళే ఇంకో కాపీ తీసి ఇంట్లో పెట్టండి.

మొన్న ఓ పెళ్ళిలో మావారు లాప్‌టాప్ సంచీ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పంక్తిలో కూర్చున్నారు. "ఆఫీసు ఇక్కడికే తెచ్చేశారేమిటండీ?" అన్నాడు పక్కాయన.

"మా ఆవిడ ఆర్డరండీ" అన్నారు, పప్పులో నెయ్యి వేయించుకుంటూ.