గొడుగు తుపాకి

గురులఘువులు లెక్కపెట్టుకునే తెలుగు లెక్చరర్ని. గురి చూసి కాల్చే విద్యతో నీకేం పనయ్యా అంటారేమో! నిరుడు మా వీధిలో వరసగా రెండిళ్ళలో దొంగలు పడ్డారు. రివాల్వర్ లైసెన్సుకి దరఖాస్తు పెడతానన్నాను. "బొద్దింకని చూసి బల్లెక్కే మనిషికి రివాల్వరా?" అంది మా ఆవిడ.

సరిగ్గా అప్పుడే మా బాబాయి వచ్చాడు. సాయుధ పోలీసుల్లో హెడ్ కానిస్టేబులుగా చేసి, కొత్త కుర్రాళ్ళకి ఫైరింగ్ నేర్పి రిటైరయిన మనిషి.

"2016 నాటి రూల్సు ప్రకారం లైసెన్సుకి శిక్షణ సర్టిఫికెట్ కావాలిరా పంతులూ. ముందు నా దగ్గర నేర్చుకో" అని నా గొడుగు నా చేతికే ఇచ్చాడు. "ఇదే తుపాకి. ఇందులో ఎప్పుడూ గుండు ఉందనే అనుకో."

అనుకున్నాను. పట్టుకోగానే చూపుడువేలు పిడి కొక్కెంలోకి పోయింది. చెళ్ళున వేలి మీద కొట్టాడు. "కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు!"

వరండాలో వారం రోజులు ఇదే తంతు. తులసికోటకేసి గురిపెడితే, "దాని వెనకేముంది?" అన్నాడు. గోడ అన్నాను. "గోడ వెనక?" పక్కింటివారి వంటగది. "అందులో ఆవిడ ఉందో లేదో చూశావా?" గొడుగు దించేశాను.

చట్టం కూడా చెప్పాడు. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్న ఆత్మరక్షణ హక్కు, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉందిట. అయితే కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. బిందె పట్టుకు పారిపోయేవాణ్ణి వెనకనించి కాల్చి చంపితే, అది ఆత్మరక్షణ అనిపించుకోదు.

"అదంతా సరే, కాల్చడం ఎప్పుడు నేర్పుతావు బాబాయ్?" అన్నాను విసుగ్గా.

"అదెంతలోకి వస్తుందిరా! మా కుర్రాళ్ళకి ఆగడం నేర్పేసరికే నా తల నెరిసింది."

ఆయన వెళ్ళిన నాలుగో రోజు, రాత్రి ఒంటిగంట దాటాక పెరట్లో ధబ్బుమని చప్పుడయింది. దుడ్డుకర్ర పట్టుకుని వెళ్ళాను. చిమ్మచీకటి. గోడ పక్కన ఏదో కదిలింది. "ఎవరది?" అని అడగాలన్న సంగతి, కొట్టిన తరవాత గుర్తుకొచ్చింది.

"అమ్మా!" అన్న కేక మా అబ్బాయిది. మమ్మల్ని లేపడం ఎందుకని సెకండ్ షో నించి వస్తూ గోడ దూకాడు. అడ్డంపెట్టిన మణికట్టు ఎముక విరిగింది. చెయ్యి అడ్డురాకపోతే ఆ దెబ్బ ఎక్కడ తగిలేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు. బాత్రూములో జారిపడ్డాడని డాక్టరుగారితో మా ఆవిడే చెప్పింది. నా మొహంకేసి మాత్రం చూడలేదు.

బాబాయికి ఫోన్‌లో అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పెరట్లో దీపం పెట్టించరా" అన్నాడు.

పెట్టించాను. కట్టు విప్పిన రోజున ఎక్స్‌రే కవరు తీసి చూద్దును కదా, నేను సగం నింపిన లైసెన్సు దరఖాస్తు అందులో మడిచి పెట్టి ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు.