నీళ్ళకు కోట కట్టిన ఊరు

గుజరాత్‌లో భుజ్ నుంచి ఖావడా మీదుగా ధోలావీరా వెళ్ళే కొత్త రోడ్డు కొంత దూరం పోయాక ఉప్పు ఎడారైన రణ్‌లోకి దిగుతుంది. అటు ఉప్పు, ఇటు ఉప్పు, మధ్యలో తారు రోడ్డు. టూరిస్టుల కార్లన్నీ ఇక్కడే ఆగుతాయి. రోడ్డు మధ్యలో కూర్చుని, పడుకుని, గాల్లోకి ఎగిరి ఫోటోలు దిగుతున్నవాళ్ళను దాటుకుని పోవడానికే మాకు చాలాసేపు పట్టింది. వీళ్ళలో చాలామంది రోడ్డు చూసుకుని ఇటునుంచి ఇటే వెనక్కి పోతారని మా డ్రైవరు చెప్పాడు.

రణ్ దాటితే ఖదీర్ అనే మెరక. వానలకు రణ్ నిండితే ఇది దీవి అవుతుంది. దాని వాయవ్య మూలన ధోలావీరా అనే చిన్న ఊరు, ఊరి పక్కన ఓ పెద్ద దిబ్బ. ఊళ్ళోవాళ్ళు దాన్ని కోటడా టింబా అనేవారు. 1967–68లో జగత్ పతి జోషి ఆ దిబ్బ సంగతి పురావస్తు లోకానికి తెలియజేశారు. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్త్ ఆధ్వర్యంలో ఏళ్ళ తరబడి తవ్వితే సింధు నాగరికతలోని పెద్ద నగరాల్లో ఒకటి బయటపడింది. 2021 జూలైలో మన రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిన సమావేశాల్లోనే, రెండు రోజుల తేడాతో ధోలావీరాకూ వచ్చింది. రామప్ప సంబరంలో మనం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

మాకు దారి చూపినాయన యాభై దాటిన స్థానికుడు. తవ్వకాల రోజుల్లో మట్టి తట్టలు మోశానని హిందీలో చెప్పాడు. "ముందు కోట చూద్దామా భాయ్?" అన్నాను. "ముందు నీళ్ళు చూడండి సాహెబ్. కోట ఎక్కడికీ పోదు" అంటూ తూర్పువైపు నడిచాడు.

ఆయన చూపించింది చుక్క నీరు లేని చెరువు. 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, పది మీటర్ల లోతు. అంచు మీద నిలబడి చూస్తే కింద తిరుగుతున్న మనుషులు చిన్నపిల్లల్లా కనిపించారు. మెట్లు దిగి అడుగున నిలబడితే చుట్టూ రాతి గోడలే. గునపం లేని, ఇనుమనేదే తెలియని కాలంలో తవ్విన చెరువు ఇది. ఇలాంటివి నగరం చుట్టూ, ప్రాకారానికి లోపలి వైపున, పదహారు దాకా ఉన్నాయి.

ఇక్కడి వాన ఏడాదికి 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కరువుకు మారుపేరైన మన అనంతపురంలో కూడా దీనికి రెట్టింపుకు కాస్త తక్కువ పడుతుంది. దగ్గర్లో జీవనది లేదు. ఉత్తరాన మన్‌సర్, దక్షిణాన మన్‌హర్ అనే రెండు వాగులు. వానొస్తేనే వాటికి పారకం. ఆ నాలుగు రోజుల నీటి కోసం వాగులకు అడ్డంగా రాతి కట్టలు వేశారు. తూర్పు నుంచి పడమటికి నేల 13 మీటర్ల దాకా వాలుగా ఉండటం కనిపెట్టి, ఒక చెరువు నిండితే దాని అలుగు నీళ్ళు తరవాతి దాంట్లోకి పోయేలా వరసగా కట్టుకొచ్చారు. మన కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టించడానికి మూడు వేల ఏళ్ళకు పైగా ముందు మాట ఇది. సింధు నాగరికత అనగానే మనకు నది ఒడ్డు గుర్తొస్తుంది. నది లేనిచోట ఆ మనుషులు ఏం చేశారో తెలియాలంటే ఇక్కడికే రావాలి.

కోట లోపల వాన నీటి కాలువలున్నాయి. పైన బండలు పరిచి కప్పేశారు, నడుం వంచితే లోపల నడవవచ్చు. "మురుక్కాలువ అనుకునేరు, వాన నీళ్ళకు సాహెబ్" అని ఆయన రెండుసార్లు చెప్పాడు. అడిగే ప్రతివాళ్ళూ అలాగే అనుకుంటారట. కోటలోనే రాతితో కట్టిన పెద్ద బావి ఒకటుంది. దాని ఒరమీది రాతిపలక దగ్గర వంగి చూశాను. అంచున వేలు పట్టేంత గాళ్ళు, ఒకదాని పక్కన ఒకటి. లోపల నున్నగా ఉన్నాయి. తాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని పడిన గాళ్ళు. రాయి అలా అరగాలంటే ఎన్ని తరాలు తోడి ఉండాలి! ఆ తాడు లాగిన చేతులు కోటలో ఉండేవాళ్ళవి అయ్యుండవు.

సింధు నాగరికతలో రాజు లేడు, రాజభవనం లేదు, అందరూ సమానంగా బతికారు అనే మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. రాజు బొమ్మ దొరకని మాట నిజమే. కానీ ధోలావీరాలో నడిచినవాళ్ళకు సమానత్వం మీద అంత నమ్మకం కుదరదు. నగరం మొత్తం 771 మీటర్ల పొడవు, 617 మీటర్ల వెడల్పు, సరిగ్గా అయిదుకు నాలుగు పాళ్ళు. అందులో అన్నిటికంటే ఎత్తున, అన్నిటికంటే లావు గోడల నడుమ కోట. దాని కింద నడిమి పట్నం. ఇంకా కింద దిగువ పట్నం. మొదటి రెంటికీ వేరువేరు గోడలు, దిగువ పట్నానికి బయటి ప్రాకారమే. ఏ చెరువు దగ్గర నిలబడి తలెత్తినా కోట గోడే కనిపిస్తుంది. నీళ్ళ మీద కన్ను వేసి ఉంచినవాడికి కిరీటం అక్కర్లేదు. వాడు రాజో, వర్తకుల పెద్దో, పూజారో, పదిమంది కూటమో తేల్చడానికి మాత్రం ఆధారం లేదు.

కోటకు, నడిమి పట్నానికి మధ్య 280 మీటర్లకు పైబడిన పొడవున ఒక మైదానం. పక్కన మెట్ల వరసలు. జాతర జరిగిందో, సంత సాగిందో, రెండూనో. ఆ మైదానం వైపున్న ఉత్తర ద్వారం పక్క గదిలోనే ప్రసిద్ధమైన అక్షరాల పలక దొరికింది. సింధు లిపి సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్ల ముద్రల మీద కనిపిస్తుంది. ఇక్కడ ఒక్కో అక్షరం 37 సెంటీమీటర్ల ఎత్తు. తెల్లటి జిప్సం ముక్కలు కోసి చెక్క పలకలో పొదిగారు. పలక ఎప్పుడో బోర్లా పడింది. చెక్క చీకి మట్టైపోయినా, పది అక్షరాలూ వరస చెదరకుండా మిగిలాయి. అందులో ఆకుల చక్రం లాంటి గుర్తు నాలుగుసార్లు వస్తుంది. ఇప్పుడు దాన్ని మళ్ళీ కప్పేశారు, చూడగలిగేది ఫోటోనే. ఊరి పేరని కొందరు, దేవుడి పేరని కొందరు. ఈ లిపి వెనక ద్రావిడ భాష ఉందని ఆస్కో పర్పోలా, ఐరావతం మహదేవన్ వంటి పండితులు వాదించారు కాబట్టి అందులో మనకూ ఓ వాటా ఉందనే ఉబలాటం నాకూ లేకపోలేదు. అందరూ ఒప్పుకున్న చదువు ఒక్కటీ ఇంతవరకూ రాలేదు. నాకు మాత్రం వేరే సంగతి ఆసక్తిగా అనిపించింది. అంత పెద్ద అక్షరాలు రాయించారంటే దూరం నుంచి చదివేవాళ్ళు ఉన్నారన్నమాట. చదవలేకపోయినా గుర్తుపట్టి తల వంచేవాళ్ళైనా ఉండాలి.

కళ సంగతికొస్తే, ఇక్కడి మ్యూజియం చిన్నది, అరగంటలో అయిపోతుంది. అయినా పూసల దగ్గర ఆగాలి. ఎర్రటి కార్నీలియన్ రాయిని కొలిమి వేడికి రంగు తేల్చి, చెక్కి, అరగదీసి, మధ్యలో బెజ్జం వేస్తారు. బెజ్జం వేయడానికి ఎర్నెస్టైట్ అనే గట్టిరాతి బరమా మొనలు వాడారు. ధోలావీరాలో అవి వందల కొద్దీ దొరికాయి. నేటి పరిశోధకులు అలాంటి మొనతోనే ప్రయత్నిస్తే గంటకు రెండు మూడు మిల్లీమీటర్లు దిగింది. ఒక పొడుగు పూసకు రోజులు పడుతుంది. ఈ రకం పూసలే ఇరాక్‌లోని ఊర్ రాజసమాధుల్లో బయటపడ్డాయి. అక్కడ వేసుకున్న రాణి పేరు తెలుసు, ఇక్కడ చేసిన పనివాడి పేరు తెలియదు.

దేవుళ్ళ విషయంలో ధోలావీరా ఎవరికీ సులువుగా దొరకదు. మొహెంజొదారోలో ఒక ముద్ర చూసి జాన్ మార్షల్ ఆదిశివుడన్నారు. ఓ చిన్న గడ్డం బొమ్మను పూజారి-రాజు అని పిలుస్తున్నాం. ఇక్కడ తూర్పు ద్వారం దారిలో ఓ మగ విగ్రహం దొరికింది, తల లేదు, పాదాలు లేవు, ఒంటి మీద బట్ట లేదు. దేవుడనుకోండి, వీరుడనుకోండి, బందీ అనుకోండి, కాదనడానికి అది నోరెత్తదు.

నమ్మకాల జాడ గట్టిగా కనిపించేది పడమటి శ్మశానంలో. టూరిస్టులు అంత దూరం రారు. నేను అడిగితే దారి చూపినాయన ముఖం వెలిగింది. అక్కడ అర్ధగోళాకారపు దిబ్బలు ఏడున్నాయి. రాతిలో తొలిచిన పెద్ద గది మీద మట్టి ఇటుకలతో గుండ్రంగా కట్టినవి. ఒకదాని లోపలి కట్టుబడి చక్రం ఆకుల్లా ఉంది. నాగార్జునకొండ దీవి మీద తిరిగి పేర్చిన స్తూపాల పునాదులు చూసిన తెలుగువాడికి ఈ చక్రం చూడగానే ఒళ్ళు ఝల్లుమంటుంది. బౌద్ధ స్తూపానికి మూలం ఇక్కడుందన్న ఊహ పండితులకూ వచ్చింది. రెంటి మధ్యా వెయ్యేళ్ళకు పైగా ఖాళీ ఉంది. ఆ ఖాళీని దాటించే మెట్టు ఒక్కటి దొరికేదాకా నేను నమ్మను.

అసలు వింత వేరే ఉంది. ఆ గదుల్లో కుండలున్నాయి. ఒకదాంట్లో రాగి తీగకు గుచ్చి, చివర్లకు కొక్కేలు పెట్టిన పూసల హారం, బంగారు కడియం ఉన్నాయి. మనిషి మాత్రం లేడు. ఇక్కడి శ్మశానంలో తవ్విన సమాధుల్లో ఎముకలున్నవి అరుదు. అద్దం పక్కన పెట్టిన అస్థిపంజరం ఒక్కటి మినహాయింపు.

"ఎవరూ లేకుండా సమాధి ఎందుకు కట్టారంటారు?" అని అడిగాను.

ఆయన ఆలోచించలేదు. "మా ఊళ్ళలో పాళియా రాళ్ళు చూడలేదా సాహెబ్? యుద్ధంలో పోయినవాడికి, సముద్రం మీద పోయినవాడికి నిలబెడతాం. ఆ రాయి కింద మనిషి ఉండాలని ఏముంది? వీళ్ళు పూసలమ్ముకోవడానికి పడవల మీద పోయేవాళ్ళేగా."

మన పల్నాటి వీరగల్లులకూ ఆ మాట వర్తిస్తుంది. ఊర్ దాకా పోయిన వర్తకులందరూ తిరిగొచ్చి ఉండరు కూడా. రుజువు లేని ఊహే, కానీ నేను పుస్తకాల్లో చదివిన ఊహలకంటే ఇదేమీ తీసిపోలేదు. ఆయన ఇంకో మాట కలిపాడు. ఏడు దిబ్బల్లో పూర్తిగా తవ్వి చూసినవి రెండేనట. మిగతా వాటి మీద ముళ్ళకంప మొలిచింది, మేకలు మేస్తున్నాయి.