వెలుగుకో హద్దు

ఎదురుగా వచ్చే బండి లైట్లు కళ్లలో పడితే 'ఎవడ్రా వాడు' అని తిట్టుకోనివాళ్లుండరు. మచిలీపట్నంలో ఓ సైన్సు మాస్టారూ అలాగే తిట్టారు. తీరా చూస్తే ఆ కారు నడుపుతున్నది ఆయన కొడుకే! ఆ రాత్రి నుంచి తండ్రీకొడుకులిద్దరూ పెరట్లో కూర్చుని ఏం చేశారంటే...

అది 2009 వేసవి. బందరులో కరెంటు పోయి వీధంతా చీకటిగా ఉంది. రిటైరైనా ట్యూషన్లు మానని మాస్టారు పాత స్కూటరు మీద ఇంటికొస్తున్నారు. మలుపు తిరగ్గానే ఎదురుగా రెండు నీలిరంగు మంటలు. అవి కారు లైట్లని తెలిసేలోపే కళ్లు బైర్లు కమ్మాయి. రోడ్డెక్కడుందో, కాలువెక్కడుందో తెలియలేదు. ఆపుదామని కాలు కింద పెట్టబోతే అక్కడ నేల లేదు. స్కూటరుతో సహా సైడు కాలువలో పడిపోయారు.

''ఎవడ్రా వాడు? కళ్లు పోగొడతావా?'' అని అరిచారు.

కారు ఆగింది. తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చినవాడు ''నాన్నా!'' అన్నాడు.

మాస్టారి కుడిచేతి మణికట్టు చిట్లింది. ఆరువారాలు పిండికట్టు. ఆ ఆరువారాలూ ఆయన కొడుకుని ఒక్కమాట అనలేదు. అదే ఆ కుర్రాణ్ని ఎక్కువ బాధపెట్టింది.

మూడింతల వెలుగు

నిజానికి అతను షోకు కోసం ఆ లైట్లు పెట్టించలేదు. బెజవాడలో ఉద్యోగం. శనివారం రాత్రి బయల్దేరి ఇంటికి రావడం అలవాటు. డెబ్భై కిలోమీటర్ల దారి. అప్పటికి బందరు రోడ్డు ఇంకా నాలుగు వరుసలు కాలేదు. ఉయ్యూరు దాటితే ఎదురుగా లారీలు, పక్కనే సైకిళ్లు, లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు. సెకండ్‌హ్యాండులో కొన్న స్విఫ్టు కారు పసుపు వెలుగు వాటి ముందు చాలేది కాదు. పామర్రు దగ్గర ఓసారి ఆగివున్న ట్రక్కుని ఆఖరి క్షణంలో చూసి తప్పించాడు. మర్నాడే వెళ్లి జెనాన్ బల్బులు వేయించుకున్నాడు.

మామూలు బల్బు డిమ్‌లో 55 వాట్లు తాగి ఇచ్చే వెలుగుకి, జెనాన్ బల్బు 35 వాట్లతోనే మూడింతలు ఇస్తుంది. అందులో తీగ ఉండదు. రెండు మొనల మధ్య జెనాన్ వాయువులో విద్యుత్తు మెరుపులా దూకుతుంది. వెలిగే క్షణంలో దానికి 20 వేల వోల్టులకు పైనే కావాలి. 1991లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్ కార్లలో మొదటిసారి పెట్టిన దీపమది. కానీ వాళ్లు దానికి తగ్గ లైటుని కూడా తయారుచేసి పెట్టారు. మనవాడు బల్బు ఒక్కటే మార్చాడు. తప్పంతా అక్కడే జరిగింది.

ఎడంచేత్తో పాఠం

పిండికట్టు విప్పిన రోజు మాస్టారు పెదవి విప్పారు. ''ఆ పాత బల్బు ఓసారి పట్రా'' అన్నారు.

ఎడంచేత్తో బల్బు పట్టుకుని, నలభై ఏళ్లు క్లాసులో చెప్పినట్టే చెప్పుకొచ్చారు. లోపల రెండు తీగలుంటాయి. డిమ్‌కి వెలిగే తీగ కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. అది వెలుగుని కిందికి పోనివ్వదు. పైకి పోయిన వెలుగే అద్దంలాంటి గిన్నెకి తగిలి, కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. తీగ ఎక్కడుందో మిల్లీమీటర్లలో లెక్కగట్టి ఆ గిన్నె వంపుల్ని తయారుచేస్తారు. తీగ పొడవు మారినా, చోటు మారినా లెక్క తప్పుతుంది. వెలుగు రోడ్డు మీద పడాల్సింది పోయి చెట్ల కొమ్మల మీదా, ఎదుటివాళ్ల కళ్లలోనూ పడుతుంది.

''ఒరేయ్, నువ్వు వెలుగు పెంచావు. దానికి హద్దు పెట్టడం మర్చిపోయావు.''

ఆ హద్దు గురించి చట్టంలోనూ ఉంది. ఎదురుగా 8 మీటర్ల దూరంలో, బండి కుడి అంచుకి అర మీటరు పక్కన, నేలకి మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి మిరుమిట్లు గొలపకుండా లైటు కిందికి వంగి ఉండాలంటుంది 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 106వ రూలు. వెనకటికి లారీలకీ, బస్సులకీ హెడ్‌లైటు మీద నల్లరంగు చుక్క పెట్టేవాళ్లు గుర్తుందా? అదీ ఇందుకే. ఏదో ఒకలా పైవెలుగుని కొంతైనా ఆపాలని.

''మరి జెనాన్ బల్బుకి తగిన లైటు ఏది నాన్నా?''

''దాన్నే ప్రొజెక్టర్ అంటార్రా'' అన్నారు మాస్టారు.

తలకిందుల బొమ్మ

పేరు పెద్దదే కానీ సంగతి ఎనిమిదో తరగతి పాఠమే. భూతద్దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా... ప్రొజెక్టర్ చేసేదీ అదే. వెనక గిన్నెలో బల్బు. ముందు ఉబ్బెత్తు కటకం. రెంటి మధ్యా చిన్న రేకు. ఆ రేకు అంచు బొమ్మే కటకం గుండా వెళ్లి రోడ్డు మీద గీతలా పడుతుంది. గీతకి కింద పట్టపగల్లా వెలుగు. గీతకి పైన చీకటి. ఎదుటివాళ్ల కళ్లు ఉండేది ఆ చీకట్లోనే.

ఢిల్లీ కశ్మీరీ గేటు మార్కెట్ నుంచి ఓ జత పాత ప్రొజెక్టర్లు తెప్పించాడు కొడుకు. బ్యాటరీకి కలిపి పెరటి గోడ మీద వేసి చూశారు. గీత కత్తితో కోసినట్టు పడింది. కుర్రాడు చప్పట్లు కొట్టాడు. మాస్టారు మాత్రం గోడకేసి చూస్తూ ఉండిపోయారు.

''గీత కుడివైపున పైకి లేచిందేమిట్రా?''

అదే అసలు కిటుకు. ఆ గీత ఓ పక్క కాస్త పైకి లేస్తుంది. రోడ్డు పక్కన నడిచేవాళ్లూ, బోర్డులూ కనపడటానికి ఆ ఏర్పాటు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి మనకది ఎడమపక్క లేవాలి. ఆ ప్రొజెక్టర్లేమో కుడివైపు నడిపే దేశాల కార్లవి. వాటిని అలాగే బిగిస్తే ఆ లేచిన వెలుగు సరిగ్గా ఎదుటి డ్రైవరు కళ్లలోకే పోతుంది!

మాస్టారు గ్రాఫు కాగితం తీశారు. బొమ్మ తలకిందులవుతుంది, కుడిఎడమలూ మారతాయి. అంటే రేకుని ఎలా కోయాలి? లెక్కవేసి గీసిచ్చారు. కొడుకు పల్చటి ఇనపరేకు కోసి, ఆకురాయితో అరగదీశాడు. మొదటిది వంకరపోయింది. రెండోది గీతని మసకబార్చింది. ఐదో రేకుకి గోడ మీద గీత కుదిరింది. ఎడమవైపు లేచింది, కుడివైపు తగ్గింది.

బేకరీ పొయ్యిలో హెడ్‌లైటు

ఇక ప్రొజెక్టర్‌ని కారు లైటులో కూర్చోబెట్టాలి. లైటు ముందున్న ప్లాస్టిక్ అద్దాన్ని నల్లటి జిగురుతో అతికిస్తారు. వేడిచేస్తే అది మెత్తబడి ఊడొస్తుంది. ఇంట్లో అంత పెద్ద ఓవెన్ లేదు. తెలిసినవాళ్ల బేకరీలో రొట్టెలు తీశాక పొయ్యి చల్లారుతుంటే అందులో పెట్టారు. ముందుజాగ్రత్తగా ఆటోనగర్‌లో కొన్న పాత లైటు పెట్టడం మంచిదైంది. తీసేసరికి అది అప్పడంలా ముడుచుకుపోయింది. తర్వాత అట్టపెట్టెలో లైటు పెట్టి, వేడిగాలి గన్నుతో నెమ్మదిగా కాచారు. వంద డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలని అప్పుడు తెలిసింది.

గిన్నెకి కన్నం చేసి ప్రొజెక్టర్ బిగించారు. చుట్టూ కోసిన అంచులు పళ్లూడిన నోరులా కనబడుతున్నాయి. దానికో అందమైన తొడుగు కావాలి. బజార్లో దొరికేవేవీ సరిపోలేదు. సొంతంగా ఫైబర్‌తో చేసుకోవాల్సిందే.

బందరులో ఫైబర్ పని నేర్పేవాళ్లకి కొదవా? గిలకలదిండి హార్బరులో ఫైబరు పడవలకి మాట్లు వేసే మేస్త్రి ఒకాయన మాస్టారి పాత విద్యార్థి తండ్రి. ''కారుకి కూడా పడవ పనేనా బాబూ!'' అని నవ్వుతూనే అన్నీ చెప్పాడు. రెసిన్‌లో ముందు కోబాల్ట్ కలిపి తిప్పాలి. అది బాగా కలిశాకే కేటలిస్టు, అదీ వందకి ఒకటి రెండు పాళ్లు. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే భగ్గుమంటుంది. ఎండ మండుతుంటే కేటలిస్టు తగ్గించాలి. లేదంటే చేతిలో ఉండగానే గడ్డకడుతుంది. ముక్కుకి గుడ్డ సరిపోదు, మాస్కు ఉండాలి. ఒంటికి నూగు అంటుకుంటే రుద్దకూడదు, చన్నీళ్లు పోసుకోవాలి.

తొడుగుకి అచ్చు ఏది? కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండాలి. వంటింట్లో దొరికింది. అమ్మ స్టీలు గ్లాసు! దానికి మైనం రాసి, ఫైబర్ మ్యాట్ ముక్కలు చుట్టి, రెసిన్ అద్దారు. గట్టిపడ్డాక కొట్టి ఊడదీశారు. పుట్టీ పెట్టి, 80 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600 నంబరు దాకా రుద్దారు. ఆ గ్లాసులు మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదావిడ. ''మీ తండ్రీకొడుకుల ప్రయోగాలు నా సామాను మీదేనా? కొత్తవి ఆరు తెచ్చాకే కాఫీ'' అని తేల్చేశారు.

దసరాకి లైట్లు తయారయ్యాయి. నల్లరంగు తొడుగుల మధ్య గాజుకళ్లు మెరుస్తుంటే వీధిలో పిల్లలంతా చుట్టూ చేరారు. పదిరోజులు తిరక్కుండానే అద్దం లోపల తెల్లటి పొర కమ్మింది. పూర్తిగా ఆరని రెసిన్, రంగు... బల్బు వేడికి ఆవిరై అద్దానికి అంటుకున్నాయి. ఆరు నెలల కష్టం! కొడుకు కూలబడిపోయాడు. మాస్టారే మళ్లీ వేడిగాలి గన్ను అందించారు. ఈసారి తొడుగుల్ని డాబా మీద వడియాల్లా ఎండబెట్టారు. వాసన పూర్తిగా పోయేదాకా, నెలన్నర రోజులు. లోపలి తేమ బయటికి పోయే గొట్టాలు మూసుకుపోకుండా చూసి, సంక్రాంతి ముందు మళ్లీ అతికించారు.

8 మీటర్ల దూరంలో

అసలు పరీక్ష మిగిలింది. గోడకి 10 మీటర్ల దూరంలో కారు ఆపారు. లైటు మధ్య భాగం ఎంత ఎత్తుందో గోడ మీద అంత ఎత్తున సుద్దముక్కతో గీత గీశారు మాస్టారు. దానికి 10 సెంటీమీటర్లు కింద మరో గీత. వెలుగు అంచు ఆ కింది గీత మీద కూర్చునేదాకా మరలు తిప్పారు.

తర్వాత కారుని వీధిలోకి తెచ్చారు. టేపుతో 8 మీటర్లు కొలిచి, కుడిపక్కగా వెళ్లి నిలబడ్డారు మాస్టారు. ఆయన ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. ''రూలు రాసినవాళ్లు నన్ను కొలిచే రాశార్రా'' అని నవ్వారు.

కొడుకు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. స్విచ్చి మీద వేలుంది కానీ నొక్కలేకపోయాడు. మళ్లీ నాన్న మీదకే వెలుగు వేయాలి.

''వెయ్యరా!''

వేశాడు. మాస్టారి పాదాలు, పంచె అంచు, మోకాళ్లు పట్టపగల్లా కనిపించాయి. ఆ పైన వెలుగు ఆగిపోయింది. ముఖం చీకట్లో ఉంది. ఆయన కళ్లు చిట్లించలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ''వెలుగు వెయ్యడం ఎవడైనా వేస్తాడు. ఎక్కడ ఆపాలో తెలియాలి. నాకు నువ్వు కనబడుతున్నావురా'' అన్నారు.

ఆ రాత్రే ఆయన స్కూటరు తీశారు. పడిన తర్వాత చీకటి పడ్డాక బండి ముట్టుకోవడం అదే మొదటిసారి.

సుద్దగీత చెరిగిపోకుండా...

ఆ కారు 2016లో అమ్మేశారు. అమ్మేముందు కంపెనీ లైట్లు తిరిగి బిగించే ఇచ్చాడతను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. అందుకే, ''మా బండికీ చేసిపెట్టన్నా'' అని వచ్చే కుర్రాళ్లకి అతను ప్రొజెక్టర్లు బిగించడు. వేరే పని చేసిపెడతాడు. పసుపు పట్టిన అద్దాన్ని రుద్ది తెల్లగా చేస్తాడు. బల్బు సరిగ్గా కూర్చుందో లేదో చూస్తాడు. డిక్కీలో బరువుంటే కారు వెనక్కి కుంగి లైటు పైకి లేస్తుందనీ, చాలా కార్లలో దాన్ని దించే మీట స్టీరింగ్ పక్కనే ఉంటుందనీ చూపిస్తాడు. ''పాత గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు పెట్టినా అదే తప్పురా. నేను చేసింది చాలు'' అంటాడు.

ఇప్పుడు బందరు రోడ్డు నాలుగు వరుసలైంది. మాస్టారు ఎనభైకి దగ్గరపడ్డారు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. స్కూటరు ఎప్పుడో మానేశారు. ప్రొజెక్టర్ల జత హాల్లో అద్దాల బీరువాలో, స్టీలు గ్లాసు పక్కన ఉంది. పెరటి గోడకి ఏటా సంక్రాంతికి సున్నం వేయిస్తారు. సున్నం ఆరగానే ఆయన చేసే మొదటి పని... సుద్దముక్క తీసుకుని ఆ రెండు గీతలూ మళ్లీ గీయడం. సాయంత్రమయ్యేసరికి వీధిలో ఎవరో ఒకరు బండి తెచ్చి గోడ ముందు ఆపుతారు.

''ఏదీ, వెయ్యి చూద్దాం'' అంటారు మాస్టారు, కుర్చీ జరుపుకుంటూ.