అమ్మీకి వినిపించాలని

మా తమ్ముడు జెద్దా నుండి సెలవుపై వస్తూ పెద్ద అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. అందులో ఐదు స్పీకర్లు, బరువైన సబ్ ఊఫర్, వాటన్నింటినీ నడిపే రిసీవర్ ఉన్నాయి. పిల్లల వినోదం కోసం తెచ్చాడని భావించాము. "కాదు, అమ్మీ కోసం. టీవీలో ఖుర్ఆన్ అనువాదం వస్తుంటే మాట తెలియడం లేదని ఫోనులో చెప్పింది" అన్నాడు.

అబ్బా మరణానంతరం అమ్మీ శామీర్‌పేటలోని పాత ఇంటిని వదలి మేడ్చల్‌లో మా వద్దకు వచ్చింది. మేముండేది నాగ్‌పూర్ రహదారికి చేరువలో, రెండవ అంతస్తులో. రాత్రింబవళ్ళు లారీల రొద. శామీర్‌పేటలో చెరువు మీది గాలికి ఫజ్ర్ అజాన్ తేటగా వినిపించేదని, ఇక్కడ ఏదీ తేటగా వినిపించదని ఆమె తరచూ అంటుండేది. తప్పంతా రహదారిదేనని మేమూ నమ్మాము.

ఒక ఆదివారం మొత్తం ఆ పరికరాలను కలపడానికే సరిపోయింది. గల్ఫ్ ప్లగ్గు మన గోడలో పట్టదు కనుక ముందు దానికి కన్వర్టర్ కావలసి వచ్చింది. తీగల కోసం సికింద్రాబాద్ సీటీసీ దాకా వెళ్ళాము. టీవీ వెనుక మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నా, 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్నది ఒక్కటే. టీవీలోని ధ్వని రిసీవర్‌కు చేరేది ఆ ఒక్క దారిలోనే. అది తెలియక వేరొక రంధ్రంలో తీగ పెట్టి, ధ్వని రావడం లేదని పూటంతా తల పట్టుకున్నాము. సరైన చోట పెట్టి, టీవీ సెట్టింగులలో ఏఆర్‌సీని ఆన్ చేశాక పలికింది. సెట్‌టాప్ బాక్సు టీవీకి, ల్యాప్‌టాప్ నేరుగా రిసీవర్‌కు, అబ్బా వాడిన పాత క్యాసెట్ ప్లేయర్ ఎరుపు, తెలుపు పిన్నుల తీగతో రిసీవర్ వెనుకకు, అందరి ఫోన్లూ బ్లూటూత్‌తో కలిశాయి. ఇంట్లోని ప్రతి పరికరమూ ఒకే గొంతుతో పలుకుతున్నదని సంబరపడ్డాము.

ఆ సంబరం రంజాన్ దాకానే నిలిచింది. ఒకనాడు సహరీ ముగించి అమ్మీ సోఫాలో కూర్చుంది. మా ఫోను నుండి సూరహ్ యాసీన్ పారాయణం, దాని వెంట తెలుగు అనువాదం వస్తున్నాయి. ఇంతలో మాకు ఫోన్ వచ్చి, మాట్లాడుతూ మేడ మీదికి వెళ్ళాము. మా ఫోను దూరమవగానే, పక్క గదిలో మా చిన్నవాడు ఆడుతున్న ఫోను రిసీవర్‌కు అతుక్కుంది. ఖుర్ఆన్ వినిపించిన స్పీకర్లలో తుపాకుల మోత మొదలైంది. అమ్మీ ఉలిక్కిపడి లేచింది. ఎవరినీ ఏమీ అనలేదు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మరునాటి నుండి ఆమె హాలులో కూర్చోవడం మానేసింది. పిలిస్తే, "అది మీ వస్తువు బేటా, నాకు తస్బీహ్ చాలు" అన్నది. ఆమె కోసం వచ్చిన వస్తువే ఆమెను హాలు నుండి సాగనంపిందని గ్రహించడానికి మాకు వారం పట్టింది.

ఆ వారంలోనే మరొకటి తెలిసింది. కింది అంతస్తులో పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయన ఉన్నారు. ఇఫ్తార్ ఫలహారాలు ఇవ్వడానికి వెళ్ళి, మా చప్పుడు ఏమైనా వినిపిస్తున్నదా అని అడిగాము. ఆయన కుమారుడు మొహమాటపడుతూ, "తెల్లవారుజామున మంచం కొంచెం అదురుతుంది భాయ్. మీ పండుగ నెల కదా, చెప్పడం ఎందుకని ఊరుకున్నాము" అన్నాడు. మేము సిగ్గుతో తల దించుకున్నాము. సన్నని ధ్వనిని గోడ కొంతవరకు ఆపుతుంది. సబ్ ఊఫర్ లోతైన ధ్వని స్లాబు గుండా కిందికి దిగుతుంది. శబ్ద కాలుష్య నియమావళి (2000) నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్‌ను పరిమితిగా నిర్ణయించింది. ఆ సంఖ్యలు తెలియకపోయినా, పొరుగువారి హక్కు మనకు తెలియనిది కాదు. జిబ్రీల్ (అలై) ఆ హక్కు గురించి ఎంతగా తాకీదు చేశారంటే, పొరుగువారిని వారసులుగా కూడా నిర్ణయిస్తారేమోనని దైవప్రవక్త (సఅసం) భావించారు.

అమ్మీని చెవి వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళాము. వయసుతో పాటు ముందుగా తగ్గేది సన్నని ధ్వనులను పట్టే శక్తి అని ఆమె వివరించారు. అచ్చులు వినిపిస్తాయి, త, స, ఫ వంటి హల్లులు జారిపోతాయి. అందుకే 'తలుపు' అంటే అమ్మీకి 'కలుపు' అని వినిపించేది. ధ్వని పెంచితే రొద పెరుగుతుంది గానీ మాట తేట కాదు. పైగా లోతైన ధ్వని ఎక్కువైతే ఆ కాస్త హల్లులనూ కప్పివేస్తుందట. అంటే కింది పెద్దాయన మంచాన్ని అదిరించినదే అమ్మీకి మాట అందకుండా చేసింది. మేము రహదారిని నిందిస్తూ వచ్చాము.

ఇంటికి వచ్చి అన్నీ మార్చాము. సబ్ ఊఫర్‌ను బాగా తగ్గించాము. రాత్రి పూట పూర్తిగా ఆపేస్తాము. టీవీలో మాటలు ప్రధానంగా పలికేది మధ్య స్పీకర్ కనుక దానిని మాత్రం కొద్దిగా పెంచి, అమ్మీ కూర్చునే చోటికి ఎదురుగా తిప్పాము. పిల్లల ఫోన్లను రిసీవర్ జ్ఞాపకం నుండి తొలగించాము. టీవీ, అమ్మీ ఫోను, క్యాసెట్ ప్లేయర్ - ఈ మూడే మిగిలాయి. రిమోట్ మీద ఆ మూడు బటన్లకు రంగు కాగితాలు అంటించాము. ఇప్పుడు ఆమె ఎవరినీ పిలవకుండా తానే పెట్టుకుంటుంది. వైద్యురాలు సూచించిన వినికిడి యంత్రం కూడా ఫోనుకు కలుస్తుంది. తహజ్జుద్ వేళ పారాయణం నేరుగా ఆమె చెవికే చేరుతుంది, మరెవరి నిద్రా చెడదు.

పారాయణం గట్టిగా పెట్టడం పుణ్యమే కదా, ఎవరికి అభ్యంతరం అని మేము లోలోపల అనుకున్న మాట నిజం. దైవప్రవక్త (సఅసం) ఏతికాఫ్‌లో ఉన్నప్పుడు మస్జిదులో కొందరు బిగ్గరగా పారాయణం చేయసాగారు. ఆయన తెర తొలగించి, ఒకరి పారాయణం మరొకరికి ఇబ్బంది కాకూడదని బోధించారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మస్జిదులో పారాయణానికే ఆ నియమం ఉన్నప్పుడు మన హాలులోని స్పీకర్లకు లేకపోతుందా? దివ్య ఖుర్ఆన్ పారాయణం జరుగుతున్నప్పుడు మౌనంగా, శ్రద్ధగా వినాలని ఆరాఫ్ సూరహ్ ఆదేశిస్తున్నది. వంట చేస్తూ, మాట్లాడుకుంటూ వెనుక దానిని మోగించడం మా ఇంట్లో అలవాటైపోయింది. ఆ అలవాటునూ మానుకునే ప్రయత్నంలో ఉన్నాము.

ఈదుల్ ఫిత్ర్ నాడు అమ్మీ తానే క్యాసెట్ ప్లేయర్ బటన్ నొక్కింది. శామీర్‌పేట ఇంటి వరండాలో అబ్బా చేసిన పారాయణం, మధ్యలో ఆయన దగ్గు, ఎక్కడో కోడి కూత వినిపించాయి. పిల్లలు చెప్పకుండానే నిశ్శబ్దంగా కూర్చున్నారు. ధ్వని చాలా తక్కువగా ఉంది. అమ్మీకి ప్రతి అక్షరం వినిపించింది. అల్‌హమ్దులిల్లాహ్.