పిల్లలకోడి నెత్తిమీదికొచ్చే వేళ

ఆస్ట్రోఫోటోగ్రఫీ నేర్చుకుందామని ఇంటర్నెట్లో ఏ గైడ్ తెరిచినా మొదటి పాఠం ఒకటే: ముందు ధ్రువ నక్షత్రాన్ని పట్టుకో. భూమి తిరుగుతుంటుంది కాబట్టి చుక్కలు కదిలినట్టు కనిపిస్తాయి. వాటి వెంటే కెమెరాని మెల్లగా తిప్పే ట్రాకర్ ఒకటి దొరుకుతుంది. దాని ఇరుసు ధ్రువుడి వైపు చూడాలి. లేకపోతే ఫోటోలో చుక్కలు గీతలైపోతాయి.

నేను ఆ మొదటి పాఠం దగ్గరే ఆగిపోయాను. గైడ్లు రాసేవాళ్ళలో ఎక్కువమంది అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉంటారు. వాళ్ళకి ధ్రువుడు ఆకాశంలో ఇంచుమించు సగం ఎత్తున ఉంటాడు. మన అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తూ అంతే. తిరుపతి 13.6 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే అది పది డిగ్రీలు, అంటే మన ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తు కూడా ఉండడు. మా ఇల్లేమో అలిపిరి దగ్గర. ఉత్తరాన ఏముందో వేరే చెప్పాలా? మా ధ్రువుడు ఏడుకొండల వెనక ఉంటాడు.

దీనికి బదులుగా మనకి దక్కేదీ ఉంది. ఏప్రిల్, మే నెలల రాత్రుల్లో దక్షిణాన త్రిశంకు నక్షత్రాలు, ఒమేగా సెంటారీ చుక్కల గుంపు కనిపిస్తాయి. లండన్ వాడికి అవి జన్మలో ఇంటి నుంచి కనిపించవు. వైను బప్పు 1960లలో దూరదర్శినులకి మంచి చోటు వెతుకుతూ దక్షిణాదికి రావడానికి ఈ ఆకాశమూ ఒక కారణమే. చిత్తూరు దాటి తమిళనాడులోకి పోతే జవ్వాది కొండల్లో ఆయన ఎంచుకున్న కావలూరు ఉంది. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకి 1986లో ఆయన పేరే పెట్టారు. బప్పు తండ్రి హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశాడు. కొడుక్కి ఆకాశం ఇంట్లోంచే వచ్చింది.

నాకు మాత్రం ఫోన్లోంచి వచ్చింది. స్టెల్లేరియం పెట్టుకుంటే ఏ రోజు ఏ గంటకి ఏ చుక్క ఎక్కడుంటుందో చూపిస్తుంది, డబ్బులక్కర్లేదు. లైట్ పొల్యూషన్ మ్యాప్ తెరిస్తే తిరుపతి ఎర్రగా మండుతూ కనిపిస్తుంది. పుంగనూరు వైపు పోయేకొద్దీ రంగు తగ్గుతుంది. సిరిల్, డీప్‌స్కైస్టాకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వంద ఫోటోల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి ఒక్కటిగా చేస్తాయి. వంద పేరిస్తే మచ్చల గోల పదో వంతుకి తగ్గుతుంది. ఆస్ట్రోమెట్రీ.నెట్‌కి ఫోటో ఇస్తే అందులో ఉన్నది ఆకాశంలో ఏ ముక్కో చెప్పేస్తుంది. ఇవన్నీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఊరికే చేసిపెట్టినవి. వాళ్ళకి నేను రుణపడే ఉన్నాను.

ఆ ఏడు అమావాస్య సంక్రాంతికి ముందే వచ్చింది. మాకు కార్తీకం మొత్తం వానలూ మబ్బులే కాబట్టి ఆకాశం విప్పారేది జనవరిలోనే. స్నేహితుడి ట్రాకర్ అడిగి తెచ్చుకుని పుంగనూరు దగ్గర మా ఊరికి పోయాను. కొండ అడ్డం లేదు గానీ, ఉత్తరాన చుక్కలన్నీ నాకు ఒకేలా ఉన్నాయి. ఫోను తిప్పుతూ తంటాలు పడుతుంటే నాయన చేనుగట్టు మీదికి వచ్చాడు.

"ఏంది వెతుకుతా ఉండావు?"

"ధ్రువ నక్షత్రం నాయనా."

"కదలని చుక్కనా? అదో, చింతమాను పక్కన. చెట్టు పెరిగింది గానీ అది ఆడ్నే ఉండాది."

ట్రాకర్ అటు తిప్పాను, కుదిరింది. కెమెరాని కృత్తికల మీద పెట్టాను. నాయన తలెత్తి చూసి, "పిల్లలకోడి నెత్తిమీదికొచ్చె. ఎనిమిదిన్నర దాటింటాది," అన్నాడు. ఫోన్లో ఎనిమిదీ నలభై.

ఎట్లా తెలుసని అడిగాను. కార్తీకంలో అది నెత్తిన ఉంటే నడిరేయి, పుష్యంలో అన్నాల వేళ అన్నాడు. తర్వాత స్టెల్లేరియంలో తేదీలు మార్చి చూశాను. చుక్కలు రోజుకి నాలుగు నిమిషాలు, నెలకి రెండు గంటలు ముందుకొస్తాయి. నాయన లెక్క సరిగ్గా సరిపోయింది.

ఆ లెక్క ఆయనకి సరదాగా రాలేదు. ఒకప్పుడు మోటార్లకి కరెంటు రాత్రిపూటే ఇచ్చేవాళ్ళు. వాచీ లేదు. తడి మడిలో నిలబడి టమోటాకి నీళ్ళు తిప్పుతూ, పిల్లలకోడిని చూసి ఇంకెంతసేపో లెక్కేసుకునేవాడు. అట్లా మోటారు వెయ్యబోయి మా ఊళ్ళో ఒకాయన పాము కాటుకి పోయాడు. ఇప్పుడు కరెంటు పగలిస్తున్నారు. రాత్రి చేనుకి పోయేవాళ్ళు లేరు, ఆ లెక్క తెలియాల్సిన పనీ లేదు. అది పోయినందుకు బాధపడే హక్కు నాకుందో లేదో తెలీదు. ఆ రాత్రులు ఇంట్లో పడుకుని నిద్రపోయినవాణ్ణి నేనే.

"నీకు పిల్లలు ఎన్ని కనబడతా ఉండాయి?" అని అడిగాడు. ఆరు, అన్నాను. "నాకు ఇప్పుడు మసక. అన్నీ కలిసి బూజు మాదిరి ఉండాది." ఆయన కళ్ళ సంగతి అప్పుడే తెలిసింది నాకు. పండగైనాక తిరుపతిలో కంటి డాక్టరుకి చూపిద్దామన్నాను. సరేననీ అన్లేదు, వద్దనీ అన్లేదు.

మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్‌లో వంద ఫోటోలు పేర్చి చూపించాను. ఆరు చుక్కల చోట లెక్కలేనన్ని, చుట్టూ నీలం పొగ. అక్కడి వెలుగు మనదాకా రావడానికి నాలుగు వందల ఏళ్ళు పైనే పడుతుందని చెప్పాను. నాయన తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు.

"బాగుండాది. దీంట్లో టైమెట్ల తెలుస్తాది?"

తెలీదు నాయనా, అన్నాను. ఆ మధ్యాహ్నం ఒక నోటుబుక్కు తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. స్టెల్లేరియంలో భారతీయ నక్షత్రాల పేర్లున్నాయి గానీ పిల్లలకోడి మాత్రం నాకు కనిపించలేదు. ముందు ఆ పేరు రాసుకున్నాను. దాని కింద ఏ నెలలో ఏ వేళకి నెత్తిమీదికొస్తుందో ఆయన చెప్తుంటే రాసుకుంటూ పోయాను. జ్యేష్ఠం దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"అప్పుడు అది కనబడదు. అప్పుడు వేరే చుక్క ఉండాది. రాత్రికి చూపిస్తా, తెల్లారుజామున లేస్తావా?"

లేచాను.