గోదావరి గడ్డ మీద ఎడారి మొక్కలు

రాజమహేంద్రవరం దాటి జాతీయ రహదారి మీద కొద్ది దూరం వెళ్లగానే రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలు మొదలవుతాయి. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్లకు మొక్కే పంట. చుట్టూ గోదావరి కాలువలు, ఒండ్రునేల. ఇంత నీరున్న చోట, ఒంట్లో నీరు దాచుకుని, నీరెక్కువైతే బతకని సక్యులెంట్లను ఎలా పెంచుతున్నారో చూద్దామని కడియపులంకలో ఒక నర్సరీకి వెళ్లాను.

వాటికి వేరే పాలీహౌస్ కట్టారు. ఆ కప్పు ముఖ్యంగా వాన పడకుండా. బల్లల మీద మెక్సికో నుంచి వచ్చిన ఎచెవేరియాలు, దక్షిణాఫ్రికా జేడ్, హవర్తియాలు, వాటి సరసన మన పెరటి కలబంద, రణపాల.

పనివాళ్లు ముందు చూసేది మట్టినే. ఎర్రమట్టిలో గరుకు ఇసుక, పెర్లైట్, కాస్త కోకోపీట్ కలుపుతారు. తడిపి గుప్పిట పట్టి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోవాలి. అప్పుడే కుండీకెత్తుతారు.

ఈ జాగ్రత్తకు కారణం మొక్క తీరులోనే ఉంది. సక్యులెంట్లలో చాలావాటికి ఆకుల మీది సన్నని రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. చల్లటి వేళ పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుని, తెల్లవారాక వెలుగులో ఆహారం చేసుకుంటాయి. అందుకే వాటి ఒంట్లో నీరు అంత తేలిగ్గా ఆవిరైపోదు. దాహం లేని మొక్కకు రోజూ నీళ్లు పోస్తే మట్టిలో గాలి ఆడక వేరు కుళ్లుతుంది.

ఇంట్లోనూ ఇదే లెక్క. కుండీలో వేలు దించి చూడాలి. లోపలిదాకా పొడిగా ఉంటేనే, అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. మళ్లీ పూర్తిగా ఆరేవరకు ముట్టుకోకూడదు. వానాకాలంలో ఆరడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. ఆకు ముడతలు పడి పలచబడితే దాహం. పసుపుబారి మెత్తబడితే నీరెక్కువైంది.

వెలుగు చాలకపోతే ఎచెవేరియా కాడ సాగి, ఆకులు ఎడమెడంగా వస్తాయి. తూర్పు కిటికీ దానికి మంచి చోటు. ఆకు సందుల్లో తెల్లగా పిండినల్లి కనబడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మొక్కను మిగతావాటికి దూరంగా ఉంచాలి.

కొత్త మొక్కకు ఒక్క ఆకు చాలు. ఎచెవేరియా ఆకును మొదలంటా తుంచి, కొన్ని రోజులు నీడలో ఆరనిచ్చి మట్టి మీద పెడితే వేళ్లు, ఆపైన పిలక వస్తాయి.

కడియం వైపు వెళ్లి సక్యులెంట్ కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోయే ముందు మీ కిటికీకి ఎంత వెలుగొస్తుందో గుర్తు చేసుకోండి. వెలుగు తక్కువైతే హవర్తియా తీసుకోండి. అడుగున రంధ్రం లేని కుండీ ఎంత అందంగా ఉన్నా కొనకండి.